గ్యాస్ పంపు దగ్గర కార్డు గీకే ముందు ఇది చదవండి: 14 డాలర్ల గ్యాస్‌కి 175 డాలర్ల హోల్డ్

అమెరికాకి కొత్తగా వచ్చి చిన్న లిమిట్ కార్డుతో నెట్టుకొస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముఖ్యంగా లాంగ్ వీకెండ్‌కి రెండు కార్లేసుకుని రోడ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నవాళ్లూ, ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. మొన్న థాంక్స్‌గివింగ్‌కి టెక్సస్‌లోని అమరిల్లో అనే ఊళ్లో మేం పడ్డ తిప్పలు ఇంకెవరూ పడకూడదనే రాస్తున్నాను. మమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) పంపు దగ్గర కార్డు ఎలా పనిచేస్తుందో తెలియక మా గొయ్యి మేమే తవ్వుకున్నాం.

మేం ఏడుగురం. డాలస్ నుంచి గ్రాండ్ కేన్యన్. మా రూమ్మేట్ పాత కరోలా ఒకటి, రెంటల్ ఎస్‌యూవీ ఒకటి. పాతికేళ్లు దాటినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి రెంటల్ నా పేరు మీదే, నా కార్డు మీదే తీసుకున్నాం. ఆ కార్డు లిమిట్ వెయ్యి డాలర్లు. "గ్యాస్ కూడా నీ కార్డు మీదే గీకెయ్ రా, తర్వాత స్ప్లిట్‌వైజ్ యాప్‌లో పంచుకుందాం" అన్నారు. గ్యాస్ మీద క్యాష్‌బ్యాక్ వస్తుంది కదా అని నేనూ సంబరపడ్డాను. అక్కడే మొదలైంది.

తెల్లవారుజామున నాలుగింటికి డాలస్ పక్కనే ఉన్న అర్వింగ్‌లో రెండు కార్లకీ వరుసగా గ్యాస్ కొట్టించాం. కరోలాకి 31 డాలర్లు. ఎస్‌యూవీ ట్యాంకు దాదాపు నిండుగానే ఉంది, 14 డాలర్లతో సరిపోయింది. అక్కణ్నుంచి 287 హైవే పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో. సుమారు 360 మైళ్లు. చేరేసరికి కరోలాలో గ్యాస్ అయిపోతోందన్న లైటు వెలిగిపోయింది.

అమరిల్లోలో చెవులు కోసే చలిగాలి. ముందు ఎస్‌యూవీకి గీకాను, పడింది. తర్వాత కరోలాకి గీకితే స్క్రీన్ మీద 'ప్లీజ్ సీ క్యాషియర్' అని వచ్చింది. చిప్ సరిగ్గా తగల్లేదేమో అని ప్యాంటుకి తుడిచి మళ్లీ పెట్టాను. అదే మాట. పక్క పంపు దగ్గరికి వెళ్లాను. అక్కడా అంతే. మిషన్లు పాడైపోయాయేమో అని కారు నెమ్మదిగా రోడ్డు అవతల ఇంకో స్టేషన్‌కి నడిపించి అక్కడ రెండుసార్లు గీకాను. ఈసారి 'డిక్లైన్డ్' అని సూటిగా చెప్పేసింది. కార్డు మీద ఖర్చుపెట్టింది 200 డాలర్లో ఎంతో, లిమిట్ వెయ్యి. మరి ఎందుకు డిక్లైన్ చేస్తోంది?

లోపలికి వెళితే కౌంటర్లో ఒకాయన. మేం ఒకళ్లనొకళ్లు తెలుగులో తిట్టుకుంటుంటే విని నవ్వాడు. నెల్లూరాయన, ఇరవై ఏళ్లుగా ఇదే వ్యాపారమట.

"ఏంది తమ్ముడూ, అన్నిసార్లు గీకతా ఉండావే? బ్యాంకోడికి అనుమానం రాదా?"

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు మూడేళ్ల ఎమ్మెస్‌లో, ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. మన ఊళ్లో బంకులో కుర్రాడు "సున్నా చూసుకోండి సార్" అని ముందు పెట్రోల్ కొడతాడు, తర్వాత బిల్లు ఎంతైతే అంతకే కార్డు గీకుతాడు. ఇక్కడ వరస తిరగబడుతుంది. ముందు కార్డు, తర్వాత గ్యాస్. నువ్వు పది డాలర్లకే ఆపేస్తావో, పికప్ ట్రక్కుకి ట్యాంకు నింపుతావో పంపుకి తెలియదు. అందుకని గ్యాస్ పడకముందే ఒక అంకె వేసి "ఇతని దగ్గర ఇంత ఉందా, ఉంటే పక్కన పెట్టు" అని బ్యాంకుని అడుగుతుంది. ఆ పక్కన పెట్టినదే హోల్డ్. కొన్ని స్టేషన్లు ఒక్క డాలర్‌కే అడుగుతాయి. కొన్ని పెద్ద మొత్తానికి అడుగుతాయి. ఒకప్పుడు దీని గరిష్ఠం 125 డాలర్లు ఉండేది. 2022లో గ్యాలన్ ఐదు డాలర్లు దాటిన ఏడాది వీసా, మాస్టర్‌కార్డ్ దాన్ని 175కి పెంచాయి. నువ్వు 14 డాలర్లకి కొట్టించుకున్నా 175 పక్కకి పోవచ్చు.

అసలు బిల్లు ఎంతో స్టేషన్ తర్వాత పంపిస్తుంది. అది అందాక హోల్డ్ తీసేయాల్సింది నీ బ్యాంకు. కొన్ని బ్యాంకులు గంటా రెండు గంటల్లో తీసేస్తాయి. కొన్ని రెండు మూడు రోజులు తాపీగా ఉంటాయి. నా బ్యాంకు ఆ రెండో రకం.

ఆయన కౌంటర్ మీదే ఒక రసీదు వెనక లెక్క వేశాను. పచారీ సామాన్ల పాత బాకీ 146. రెంటల్ కారు డిపాజిట్ హోల్డ్ 300, అసలు దీని సంగతే మర్చిపోయాను. అర్వింగ్‌లో రెండు కార్లకీ 175 చొప్పున 350. మొత్తం 796. అంటే అమరిల్లో చేరేసరికి మిగిలింది 204. ఎస్‌యూవీకి ఇంకో 175 పోతే 29. ఆ 29 డాలర్లని పట్టుకుని కరోలాకి 175 పక్కన పెట్టమంటే బ్యాంకు ఎక్కణ్నుంచి పెడుతుంది? వాడింది 45 డాలర్ల గ్యాస్, ఆగిపోయింది 350.

"నా మిషన్‌లో నీ 175 లేదు తమ్ముడూ. ఆ ఎదురు స్టేషన్ ఓనర్ని పట్టుకున్నా ఇయ్యలేడు. అది నీ బ్యాంకు కాడే ఉండాది" అన్నాడాయన. ఇది గుర్తుపెట్టుకోండి. హోల్డ్ గురించి క్యాషియర్‌తో గొడవపడి లాభం లేదు.

ఇక్కడిదాకా ఒక జబ్బు. రెండోది నేను చేతులారా తెచ్చుకున్నది. పర్సు కొట్టేసిన దొంగ, కార్డు నంబర్లు కొనుక్కున్న దొంగ అది పనిచేస్తుందో లేదో చూడ్డానికి తరచుగా వెళ్లేది గ్యాస్ పంపుకే. అక్కడ మనిషి ఉండడు, సంతకం ఉండదు, ముఖం ఎవరూ చూడరు. పైగా దుకాణాల్లో చిప్ రీడర్లు వచ్చాక కూడా పంపుల దగ్గర పాత గీకుడు చాలాకాలం సాగింది. చిప్ లేని పంపులో మోసం జరిగితే నష్టం స్టేషన్ మీద పడే రూలు ఇక్కడ 2021 ఏప్రిల్‌కి గానీ రాలేదు. అందుకే పంపు దగ్గర ఏ మాత్రం తేడా కనిపించినా బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉలిక్కిపడుతుంది. ఇప్పుడు నా చరిత్ర చూడండి. తెల్లారుజామున నాలుగింటికి ఐదు నిమిషాల తేడాతో రెండు ట్యాంకులు. ఆరు గంటల తర్వాత 360 మైళ్ల అవతల ఇంకోటి. వెంటనే నాలుగైదు విఫల ప్రయత్నాలు, రెండు వేర్వేరు స్టేషన్లలో. నేనే బ్యాంకులో ఉంటే నన్ను నేనే పోలీసులకి పట్టించేవాణ్ని.

యాప్ తెరిస్తే కార్డుకి తాళం. "ఇది మీరేనా, అవును అయితే మెసేజ్‌కి జవాబివ్వండి" అంది. మెసేజ్ ఎక్కడికి వెళ్లింది? వచ్చిన కొత్తలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌కి. ఆగస్టులో ఫ్రెండ్స్ ఫ్యామిలీ ప్లాన్‌లోకి మారినప్పుడు ఆ నంబరు వదిలేశాను. అన్ని చోట్లా మార్చాను, బ్యాంకులో తప్ప. కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ దొరికింది. పాపం చాలా మర్యాదగానే మాట్లాడింది, కానీ రికార్డులో ఉన్న నంబరుకి వచ్చే కోడ్ చెప్పకపోతే తాళం తియ్యలేనంది. నంబరు మార్చాలంటే బ్రాంచికి రమ్మంది. ఆ రోజు గురువారం, థాంక్స్‌గివింగ్ సెలవు, బ్రాంచిలన్నీ మూత. నిజానికి తాళం తీసినా లోపల ఉన్నది 29 డాలర్లే అనుకోండి.

నేను ఫోన్‌లో ఉండగా బయట చలికి తట్టుకోలేక మా రూమ్మేట్ తన డెబిట్ కార్డు పంపులో గీకేశాడు. నాకు తెలిస్తే ఆపేవాణ్ని. పాపం వాడికింకా చదువు అవలేదు. ఖాతాలో 450 డాలర్లున్నాయి. గ్యాస్ పడింది 36కి, హోల్డ్ 175. క్రెడిట్ కార్డులో హోల్డ్ అంటే బ్యాంకు ఇచ్చే అప్పులో కోత. డెబిట్‌లో హోల్డ్ అంటే మన సొంత డబ్బు మనకి అందకుండా పోవడం. మధ్యలో సెలవు, శని ఆదివారాలు. సోమవారం వాడి రెంట్ వాటా 390 ఆటోపేలో లాగితే అందుబాటులో ఉన్నది 275. రెంట్ వెనక్కి వెళ్లింది, అపార్ట్‌మెంట్ ఆఫీసు 75 డాలర్ల లేట్ ఫీజు వేసింది. హోల్డ్ మంగళవారం పొద్దున ఎగిరిపోయింది. ఒక్కరోజు ముందు పోయుంటే సరిపోయేది. ఆ 75 నేను కడతానన్నాను, వాడు ఒప్పుకోవడం లేదు. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.

మిగతా ట్రిప్ అంతా నెల్లూరన్న చెప్పినట్టే చేశాం. పంపు దగ్గర అసలు కార్డు తియ్యలేదు. లోపలికి వెళ్లి "పంపు నంబర్ ఐదు, ముప్పై డాలర్లు" అని చెప్పి కౌంటర్లో కట్టేశాం. అప్పుడు ఆ ముప్పైకే కార్డు పడుతుంది, 175 గోల లేదు. ట్యాంకు ముందే నిండిపోతే మిగిలింది వెనక్కి వేస్తారు, కాకపోతే కార్డుకి వేసింది రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు కాబట్టి కాస్త తక్కువే చెప్పండి. క్యాష్ ఉంటే ఇంకా మంచిది, చాలా చోట్ల క్యాష్ రేటు గ్యాలన్‌కి కొన్ని సెంట్లు తక్కువ కూడా. టుకుంకారి, అల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్, ఎక్కడా ఇబ్బంది రాలేదు. చలిలో లోపలికి నడవడానికి బద్ధకం, అంతే.

రెండు కార్లుంటే రెండు కార్డులు. ఇది గట్టిగా చెబుతున్నాను, క్యాష్‌బ్యాక్ ఆశ వద్దు. ఒకే కార్డు మీద వెంటవెంటనే రెండు ట్యాంకులు కొట్టిస్తే హోల్డూ రెండింతలు, అనుమానమూ రెండింతలు. రెంటల్ డిపాజిట్, హోటల్ డిపాజిట్ ఉన్న కార్డుని గ్యాస్‌కి వాడకండి. రెండొందలో మూడొందలో డిపాజిట్ కట్టి తెచ్చుకున్న సెక్యూర్డ్ కార్డు అయితే పంపు వైపే తీసుకెళ్లొద్దు, ఒక్క గీకుతో సగం పైన పోతుంది. ఒకసారి 'సీ క్యాషియర్' అంటే అక్కడితో ఆగండి. రెండోసారి గీకొద్దు. యాప్‌లో 'అవైలబుల్ క్రెడిట్' ఎంతో చూడండి, 'కరెంట్ బ్యాలెన్స్' కాదు. నేను ట్రిప్ అంతా చూసుకున్నది ఆ రెండోదాన్నే, దాన్లో హోల్డులు కనపడవు.

బయల్దేరే ముందు బ్యాంకులో మీ ఫోన్ నంబరు, జిప్ కోడ్ (ఇక్కడి పిన్ కోడ్) ఏమున్నాయో చూసుకోండి. ఇల్లు మారి కార్డు అడ్రస్ మార్చకపోతే పంపు జిప్ అడిగినప్పుడు పాత ఇంటిదే కొట్టాలి. అన్నట్టు, ఇలాంటి టెన్షన్‌లో ఉన్నప్పుడే "మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కోడ్ చెప్పండి" అనే ఫోన్లు వస్తే నమ్మేస్తాం. పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చెయ్యండి.

అమ్మానాన్నలు ఇండియా కార్డుతో వచ్చినప్పుడు కూడా ఇదే పాట. మన పిన్ కోడ్ ఆరంకెలు, పంపు అడిగేది ఐదు. ఏదో ఒకటి కొట్టి చూద్దాం అనొద్దు, నేరుగా లోపలికే తీసుకెళ్లండి. పైగా ఆర్‌బీఐ 2020లో తెచ్చిన రూలు ప్రకారం కొత్త కార్డులకి విదేశీ వాడకం మనం ఆన్ చేస్తేనే అవుతుంది. విమానం ఎక్కకముందే వాళ్ల యాప్‌లో అది చేయించండి, ఇక్కడికొచ్చాక ఓటీపీ రావాల్సిన సిమ్‌కి సిగ్నల్ ఉండకపోవచ్చు.

డెబిట్ గురించి ఇంకొక్క మాట. హోల్డ్ ఒక్కటే కాదు, పంపులో స్కిమ్మర్ అనే దొంగ పరికరం పెట్టి ఎవరైనా నంబరు కొట్టేసినా డెబిట్‌లోనే ఎక్కువ దెబ్బ. క్రెడిట్ కార్డుకి చట్టప్రకారం మన నష్టం 50 డాలర్లు దాటదు. డెబిట్‌లో కార్డే పోతే, తెలిసిన రెండు పనిదినాల్లోపు చెబితే 50, ఆలస్యం చేస్తే 500 దాకా పోవచ్చు. కార్డు మన దగ్గరే ఉండి నంబరు ఒక్కటే పోతే, స్టేట్‌మెంట్ పంపిన అరవై రోజుల్లోపు చెప్పాలి. ఈలోపు ఖాతా ఖాళీ అయితే రెంట్ ఎవరు కడతారు?

శుక్రవారం ఫ్లాగ్‌స్టాఫ్‌లో మా బ్యాంకు బ్రాంచి లేదు. సోమవారం డాలస్ వచ్చాక వెళ్లి నంబరు మార్పించుకుని తాళం తీయించుకున్నాను. అర్వింగ్, అమరిల్లో హోల్డులన్నీ పోయాయి. రెంటల్ వాళ్ల 300 మాత్రం ఇంకా పెండింగ్‌లోనే చూపిస్తోంది, బుధవారానికి వదులుతామంటున్నారు.