నడుముకు సూదా, పూర్తి మత్తా: హనుమకొండలో మా ఇంటివాళ్ల రెండు ఆపరేషన్లు

మా అమ్మకు, మేనమామకు ఏడు నెలల తేడాతో హనుమకొండలో ఒకే ఎముకల ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్ అయింది. రెండుసార్లూ పక్కన ఉన్నది నేనే. అమ్మకు నడుము కింది భాగం మాత్రమే మొద్దుబారేలా నడుముకు సూది ఇచ్చారు, మామకు పూర్తి మత్తు.

అమ్మకు 66 ఏళ్లు. నర్సంపేటలో ఇంటి వెనక బాయి గచ్చు మీద జారిపడింది. ఆపరేషన్ జరుగుతుంటే ఆమెకు సుత్తి చప్పుడు వినిపించిందట. "పక్కింట్ల ఎవరో మొల కొడుతున్నట్టే ఉండె బిడ్డా" అంది. బయటికి తెచ్చేసరికి తెలివిగా మాట్లాడుతోంది, నొప్పి లేదు. కాలి బొటనవేలు గిల్లితే మాత్రం తెలియలేదు. మూడు గంటలకు ఆ వేలు కొంచెం కదిలింది, నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం జావ తాగింది. కానీ రాత్రి తొమ్మిదైనా మూత్రం రాలేదు. పొత్తికడుపు గట్టిపడి అమ్మ విలవిల్లాడింది. నడుము సూది తర్వాత కొందరికి ఇలా అవుతుందని ముందు ఒక్కరూ చెప్పలేదు, మూడుసార్లు పిలిస్తే గానీ సిస్టర్ రాలేదు. పైపు వేశాకే తేరుకుంది. రాత్రి డ్యూటీ విషయంలో ఈ ఆసుపత్రి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మామకు గుండెలో స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నాడు. ఆ మందు మీద ఉండగా నడుములో సూది గుచ్చితే వెన్నులో రక్తం చేరి నరాలను నొక్కే ప్రమాదం ఉంటుంది. మందు ఆపి ఐదారు రోజులు ఆగుదామంటే, మంచంలోనే ఉండి ఊపిరితిత్తులకు నెమ్ము పట్టొచ్చు. ఇదంతా మత్తు డాక్టరమ్మ మా అత్తమ్మ పక్కన కూర్చుని, మందుల చీటీ వెనక వెన్నెముక బొమ్మ గీసి చెప్పారు. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మామకు లేచాక గొంతు మంట, రెండు వాంతులు. నొప్పి కూడా వెంటనే మొదలైంది. రాత్రంతా మతి తప్పినట్టు "మోటర్ బంద్ చేసిన్రా?" అని అడుగుతూనే ఉన్నాడు. అత్తమ్మ ఏడ్చేసింది. తెల్లారేసరికి మామూలు మనిషయ్యాడు.

సూది అయితేనే తొందరగా కోలుకుంటారా అని డాక్టరమ్మను అడిగాను. 2021లో వెలువడిన రీగెయిన్ అధ్యయనం గురించి చెప్పారు. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిని, అందరూ 50 ఏళ్లు పైబడినవాళ్లే, పరిశీలించారు. 60 రోజులకు ప్రాణాపాయంలో గానీ మళ్లీ నడవడంలో గానీ రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మతిభ్రమ కూడా దాదాపు సమానమే. మా ఇంట్లోనూ తేడా ఆ మొదటి రాత్రి వరకే. మర్నాడు పొద్దున ఇద్దరినీ ఫిజియోథెరపిస్ట్ వాకర్‌తో నిలబెట్టాడు. అమ్మ భయంతో నా చెయ్యి వదలకపోతే ఇరవై నిమిషాలు ఓపిగ్గా ఆగాడు.

వెళ్లేవాళ్లు రోజూ వేసుకునే మాత్రలన్నీ కవర్‌లో వేసుకుని వెళ్లండి. రాత్రికి ఏ సిస్టర్ ఉంటారో సాయంత్రమే కనుక్కోండి.