వెనక చక్రాల దగ్గర చప్పుడు పట్టే క్లిప్పు మైకుల కిట్: చాన్నాళ్ళు వాడాక నా మాట

ఆరు క్లిప్పులు, ఒక్కోదానికి ఒక బుల్లి మైకు, పొడుగాటి వైర్లు, అన్నీ వచ్చి చేతిలో పట్టే ఒక బాక్సులో కలుస్తాయి, నాబ్ తిప్పితే ఆ నంబరు క్లిప్పు ఎక్కడ కరుచుకునుందో అక్కడి సౌండు హెడ్‌ఫోన్‌లో వినపడుద్ది. కిట్ అంటే ఇంతే. స్క్రీన్ లేదు, యాప్ లేదు, పోయిన పార్టు పేరు అదే చెప్పుద్ది అనుకుంటే మాత్రం కొనకండి.

నాది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఇంజిన్ ముందు, పవర్ వెనక చక్రాలకి, 15 ఏళ్ళ ఆర్సీ అయిపోయి ఫిట్‌నెస్ చేయించి ఇంకో 5 ఏళ్ళకి రెన్యూవల్ చేయించిన బండి. కంపెనీ పేరెందుకులెండి, ఈ వయసుకి ఏ బండి రబ్బరైనా పోద్ది. దీనికి వెనక రెండు చప్పుళ్ళు మొదలయ్యాయి. 60 దాటితే గుయ్యిమని ఒకటి, స్పీడు పెరిగేకొద్దీ పెరుగుద్ది. రెండోది కాలు యాక్సిలరేటర్ మీంచి తీసినప్పుడూ మళ్ళీ నొక్కినప్పుడూ ఠక్కని ఒక్క దెబ్బ, కుడి వైపు అనిపిస్తది గానీ ఖాయంగా చెప్పలేం. ఈ టైపు బండ్లలో మనం కూర్చునేదే వెనక యాక్సిల్‌కి కాస్త ముందు, సీటు వెనక రేకు తప్ప ఏం లేదు, వెనక ఎక్కడ చప్పుడైనా మన చెవి పక్కనే అయినట్టుంటది.

విజయవాడ ఆటోనగర్‌లో, అంటే బండ్లు బాగుచేసే షాపులన్నీ ఉండే చోట, ఒకాయన బేరింగ్ అన్నాడు, ఇంకొకాయన డిఫ్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల డబ్బా) పోయింది దింపేద్దాం సార్ అన్నాడు, మా బావమరిదేమో డిక్కీలో జాకీ లూజుగా ఉంది చూడు బావా అన్నాడు. జాకీ, స్టెప్నీ సామాను అంతా ఇంట్లో పెట్టి తిరిగాం, ఠక్కు ఠక్కే.

కిట్ తగిలించే ముందు చేయాల్సిన పని రోడ్డు మీద ఉంది, అది చేయకపోతే ఆరు క్లిప్పులు ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు. తెల్లవారుజామున కృష్ణా మీద వారధి దాటి కాజా టోల్ వైపు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, 80లో న్యూట్రల్ చేసి వదిలేశా. గుయ్యి అలాగే ఉంది, అంటే ఇంజిన్‌కీ గేరుబాక్సు స్పీడుకీ సంబంధం లేదు, చక్రాల స్పీడుతోనే నడుస్తోంది. స్టీరింగ్ మెల్లగా ఎడమకీ కుడికీ వాల్చి చూశా, ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుద్ది కాబట్టి కుడి బేరింగ్ పోయుంటే అప్పుడు సౌండు పెరగాలి, పెరగలా. డిఫ్ పళ్ళు అరిగితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక శృతి, వదిలినప్పుడు ఇంకో శృతి రావాలి, అదీ మారలా. గరుకు రోడ్డు మీంచి నున్నటి తారు మీదకి ఎక్కగానే మాత్రం గుయ్యి రకం మారిపోయింది. రోడ్డుని బట్టి మారేది టైరే, బేరింగ్‌కి రోడ్డు నున్నగుంటే ఏంటి గరుగ్గుంటే ఏంటి.

ఇంకో లెక్క కూడా పనికొస్తది. 60 స్పీడులో మామూలు సైజు చక్రం సెకనుకి ఎనిమిది సార్లు అటూఇటుగా తిరుగుద్ది, డిఫ్ రేషియో 3కి పైన, అంటే చక్రం ఒక్కసారి తిరిగితే గేరుబాక్సు నుంచి డిఫ్‌కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు మూడు సార్లకి పైన తిరుగుద్ది, కాబట్టి అది సుమారు 25 సార్లు. చప్పుడు దడదడమని దాదాపు లెక్కపెట్టగలిగేలా ఉంటే చక్రం వైపు చూడాలి, సీటు అదిరే బొయ్యి అయితే షాఫ్టూ దాని మధ్య బేరింగూ చూడాలి.

ఇక కిట్. చక్రాలు బిగించే రెండు హబ్బులకి ఒక్కోటి, డిఫ్ ముందు మౌంటుకి ఒకటి, కుడి షాక్ అబ్జార్బర్ పై మౌంటు దగ్గర ఒకటి, మిగిలిన రెండూ వెనక చక్రాల్ని ముందు వైపు నుంచి బాడీకి పట్టి ఉంచే రెండు ట్రెయిలింగ్ ఆర్మ్‌ల ముందు బ్రాకెట్లకి. వైర్లన్నీ ప్లాస్టిక్ టైలతో కట్టి డ్రైవ్ షాఫ్టుకీ సైలెన్సర్‌కీ తగలకుండా డిక్కీ రబ్బరు సందులోంచి లోపలికి లాగాలి, ఈ ఒక్క పనికే లిఫ్టు మీద సగం పూట పోద్ది, వైర్‌లెస్ కొంటే బాగుండు అనిపించేది ఇక్కడే. హెడ్‌ఫోన్ నడిపేవాడు పెట్టుకోకూడదు, పక్కనోడు పెట్టుకోవాలి, రెండు సీట్లే కాబట్టి మేస్త్రీని కూర్చోబెట్టి నేను నడిపా.

ఆరూ మోగుతాయి, కంగారు పడకండి, ఇనుము చప్పుడుని ఎక్కడికైనా మోసుకెళ్తది. చూడాల్సింది ఎడమ కుడి తేడా. వాల్యూమ్ కదపకుండా ఒక హబ్బు నుంచి ఇంకో హబ్బుకి తిప్పితే గుయ్యి రెండు వైపులా సమానం, లోపల గరగర లేదు, డిఫ్ దగ్గర ఇంకా తక్కువ. ఠక్కు సంగతికొచ్చేసరికి కుడి ట్రెయిలింగ్ ఆర్మ్ నంబరు మీద మేస్త్రీ చెవిలోంచి హెడ్‌ఫోన్ పీకేశాడు, "బాబోయ్ సుత్తితో కొట్టినట్టుంది సార్" అన్నాడు. అదే దెబ్బ షాక్ మౌంటు దగ్గర దుప్పటి కప్పినట్టు వినపడింది, ఎడమ ఆర్మ్ మీద అసలు లేదు.

ఆ ఆర్మ్ బ్రాకెట్‌లో ఉండే రబ్బరు బుష్ లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుంటే బాగున్నట్టే కనపడుద్ది, అందుకే అంతకుముందు చూసినవాళ్ళంతా బానే ఉందన్నారు. లీవర్ పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తే రబ్బరు లోపల చీలిక తెరుచుకుంది. మిగతా కథ అక్కడే తెలిసిపోయింది, బుష్ లూజైతే పవర్ పెట్టినప్పుడల్లా చక్రం టో, అంటే చక్రం లోపలికో బయటికో తిరిగుండే కోణం, మారుద్ది, టైరు లోపలి అంచు రంపంలా అరుగుద్ది, ఆ అరుగుడే గుయ్యి. అరచేత్తో టైరు మీద ఒక వైపు రుద్దితే నున్నగా, ఎదురు రుద్దితే కోసుకునేట్టు ఉంది. ముందు టైర్లతో మార్చి చూద్దామంటే ఈ బండికి వెనక టైర్లు వెడల్పు ఎక్కువ, కుదరదు.

పాత బుష్ ఊడగొట్టడానికి ఆటోనగర్ లాంటి చోటు లేదండి, లారీ పట్టీల బుష్‌లు రోజూ నొక్కే ప్రెస్సులు ఉంటాయి, మనది వాళ్ళకి ఆటబొమ్మ. రెండు వైపులా మార్పించా. కాకపోతే పక్కనే నిలబడి చెప్పాల్సిన మాటొకటి ఉంది, రబ్బరు బుష్ బోల్టు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండే ఎత్తులోనే ఇవ్వాలి, వేలాడదీసి బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చీలుద్ది. తర్వాత అలైన్‌మెంట్, ముందు టో ఒక్కటి సరిచేసి కంప్యూటర్ కాయితం చేతిలో పెడతారు, వెనకది కూడా చేయమని అడిగి చేయించుకోవాలి.

ఠక్కు ఆ రోజే పోయింది. గుయ్యి పోలేదు, అరిగిన టైరు మళ్ళీ మామూలు అవదు కదా, కొత్త టైర్లు వేశాకే పోయింది.

అప్పట్నుంచి ఈ కిట్ చుట్టుపక్కల చాలా బండ్లకి తిరిగింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ వాడకపోయినా లోపలే ఉంచితే కారుద్ది, తీసి పెట్టుకోండి. క్లిప్పుల స్ప్రింగులు వదులయ్యాయి, గతుకుల్లో ఊడి ఆ క్లిప్పే టకటకా కొట్టుకుంటది, ఇప్పుడు ప్రతి క్లిప్పు మీదా ఒక టై కూడా వేస్తున్నాం. వర్షంలో వాడొద్దు. ఏడాదికోసారి సర్వీసుకి ఇచ్చే కొత్త బండి అయితే డబ్బు దండగ, ఇంట్లో పాత బండి ఉండి, మన మాట వినే మేస్త్రీ ఉంటే తీసుకోండి, డిఫ్ దింపే కూలిలో కొంత పెడితే వచ్చేస్తది.