పుదుపేట సందులో టింకరింగ్ షెడ్డు: మా హెరాల్డ్ తలుపు పడింది

నాన్న కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారుకి డ్రైవర్ వైపు తలుపు రెండేళ్ళుగా ఎత్తి వేస్తేగానీ పడేది కాదు. చాసీ, అంటే బాడీ కింద ఉండే ఇనప చట్రం, తుప్పు వదిలించమని ఒక పెద్ద గరాజ్‌కి ఇచ్చాను, అదీ నేను చేసిన తప్పు. బాడీ దించారు, మళ్ళీ ఎక్కించారు. రెంటికీ మధ్య ఉన్న రేకు ముక్కల్ని మాత్రం చెత్తనుకుని ఊడ్చేశారు. సందులకి పుట్టీ మెత్తి పెయింట్ కొట్టారు. మొదటి వానలకే పుట్టీ పగిలింది.

ఎవరో చెబితే చెన్నై పుదుపేటలో ఉన్న ఈ షెడ్డుకి తీసుకెళ్ళాను. మేస్త్రీది సూళ్ళూరుపేట వైపు, అరవై దాటి ఉంటాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు: "ప్యాకింగులు ఏవి సార్?" ఆ ఊడ్చేసిన రేకు ముక్కల గురించే.

అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఇంగ్లండులో కారు బాడీలు చేసే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో బీఎంసీ అనే కార్ల కంపెనీ కొనేశాక, హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్ ట్రయంఫ్‌కి బాడీలు చేసిపెట్టేవాళ్ళు కరువయ్యారు. అందుకే 1959లో వచ్చిన హెరాల్డ్‌కి చాసీ విడిగా పెట్టి, తలో చోట చేయించిన బాడీ ముక్కల్ని బోల్టులతో బిగించారు. 1961 నుంచి మన మద్రాసులో తయారైందీ ఆ కారే. ఇలాంటి బాడీ ఏ రెండు కార్లమీదా ఒక్కలా కూర్చోదు. ఎక్కడ లోటుంటే అక్కడ షిమ్ములు, అంటే ఆ ప్యాకింగు రేకు ముక్కలు, దోపాల్సిందే. దీన్ని నాటు పని అని నేనూ వెక్కిరించినవాణ్ణే.

పుట్టీ గీకడానికే మూడు రోజులు పట్టింది. తర్వాత మేస్త్రీ విరిగిన హాక్సా బ్లేడు ఒకటి తలుపు అంచు వెంట నడిపి, అది ఇరుక్కున్న చోటల్లా సుద్దతో గీత పెట్టాడు. "తలుపు జోలికి పోవద్దు సార్, తప్పు కింద ఉంది" అంటూ హింజ్‌లున్న స్తంభం కింద బోల్టు వదులు చేసి ఒక రేకు ముక్క దోపాడు. చాల్లేదు. ఇంకోటి. మూడోది పెట్టి, మొహం చిట్లించి తీసేశాడు. బోల్టు బిగించి తలుపుని ఒక్క వేలితో తోస్తే టక్కున పడింది.

వారమన్నాడు, నెల పట్టింది. ఫోనెత్తడు. బిల్లు ఉండదు, సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క రాసిచ్చాడు: 14,500. పెయింట్ మాత్రం అక్కడ వేయించకండి, ఒకటే దుమ్ము. పనంతా రోడ్డుమీదే. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది కదా, తెరిస్తే సందు మూసుకుపోతుంది. ఆటోవాళ్ళ తిట్లు మీరే తినాలి.

మిగిలిన రేకు ముక్కల్ని ఒక గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకున్నాను.