విశాఖ శివార్లలో ఒకరోజు కార్నరింగ్ క్లాసు: రోజూ ఘాట్ ఎక్కి దిగే మాస్టారి రివ్యూ

పాడేరులో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఇల్లు మాడుగులలో. బడి ఉన్న ప్రతిరోజూ ఘాట్ ఎక్కాలి, సాయంత్రం దిగాలి. బండి హోండా యూనికార్న్. రేసులకి వెళ్లే కుర్రాళ్లు ఈ కార్నరింగ్ క్లాసు, అంటే బైకు మీద మలుపులు తిరగడం నేర్పే క్లాసు గురించి ఇక్కడ ఇప్పటికే చాలా రాశారు. నేను రాస్తున్నది టిఫిన్ బాక్సు తగిలించుకుని మలుపులు తిరిగే నాలాంటి వాళ్ల కోసం. మనకి పనికొస్తుందా అంటే వస్తుంది, కానీ అంతా కాదు. ఐదింటికి నాలుగు స్టార్లు ఇచ్చాను. పోయిన ఆ ఒక్కటి ఎందుకు పోయిందో కింద రాశాను.

ఫీజు 4,500 రూపాయలు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, మన వీడియోలు అందులోనే. బండి మనదే తెచ్చుకోవాలి. జాకెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు లేనివాళ్లకి అద్దెకి ఇస్తారు, దానికి డబ్బు వేరే. హెల్మెట్ మాత్రం అద్దెకి ఇవ్వరు. ఎవరి తలకి సరిపోయింది వాళ్లే తెచ్చుకోవాలి, లోపల ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న నంబరు ఉండాలి. గేటు దగ్గర నిజంగానే తిప్పి చూస్తారు. టోపీలాంటి హెల్మెట్‌తో వచ్చిన ఒకాయన్ని నిర్మొహమాటంగా బయటే ఆపేశారు. ఆయన ఎంత గొడవపడినా వినలేదు. నాకు అక్కడే వీళ్ల మీద నమ్మకం కుదిరింది.

తర్వాత బండ్ల తనిఖీ. టైర్లు చల్లగా ఉండగా గాలి, చెయిన్ లూజు, బ్రేకులు చూశారు. డ్యూక్ బైకు మీద వచ్చిన ఒక కుర్రాడి వెనక టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయి ఉంది. హైవే మీద తిన్నగా తిరిగే బండ్లకి అలాగే అరుగుతుంది. అలాంటి టైరు మలుపులో నెమ్మదిగా వాలదు, ఆ అరిగిన అంచు దాటగానే బండి ఒక్కసారిగా పక్కకి పడబోయినట్టు అవుతుంది. కోచ్ ఆ టైరు మీద సుద్దముక్కతో గీత గీసి అందరినీ పిలిచి చూపించాడు. కుర్రాడు పాపం సిగ్గుపడ్డాడు గానీ, అందరం మన టైర్ల వైపు ఒకసారి వంగి చూసుకున్నాం.

కోచ్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పోటీల్లో తిరిగినవాడు. 1990లో మొదలైన ఆ ట్రాక్ సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఆ అనుభవం మాటల్లో తెలుస్తుంది, అయితే ఆ ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు. ఎదురుగా ఆర్టీసీ బస్సు రాదు, ఆవు పడుకోదు. ఈ తేడా రోజంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మొదటి గంట బండి కదలదు. స్టాండు మీద నిలబెట్టిన బండి ఎక్కించి కూర్చునే తీరు దిద్దుతారు. ఈ ఒక్క గంటకే ఫీజులో సగం ఇవ్వొచ్చు. చెప్పేది కొత్త సంగతేమీ కాదు, కానీ ఒక్కొక్కరి ఒంటి మీద చెయ్యి వేసి సరిచేస్తారు. పాదం మధ్యభాగం కాదు, ముందుభాగం ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి. అప్పుడు బండి వాలినా బూటు కొన రోడ్డుకి తగలదు. మలుపు కుడికైతే ఎడమ తొడ ట్యాంకుకి అదిమి ఉండాలి, మలుపు ఎడమకైతే కుడి తొడ. మనిషి బండిని పట్టుకోవాల్సింది అక్కడ, చేతులతో కాదు. మోచేతులు వదులుగా, కొంచెం వంగి ఉండాలి. గడ్డం లోపలి వైపు అద్దం మీదికి జరగాలి, భుజం దాని వెంటే పోవాలి. నడుం విరిచి తల ఒక్కటే వంచేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫొటోలో బాగానే ఉంటుంది గానీ బరువు ఎక్కడికీ జరగదు.

చేతులు బిగిస్తే ఏమవుతుందో వాళ్లు చూపించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. స్టాండు మీద ఉన్న బండి హ్యాండిల్‌ని బిగించి పట్టుకోమన్నారు, వెనక నుంచి ఒకరు బండిని చిన్నగా ఊపారు. ఒళ్లు ఊగినప్పుడల్లా హ్యాండిల్ కూడా ఊగుతోంది. తర్వాత మోకాళ్లు ట్యాంకుకి అదిమి చేతులు వదులు చేయమన్నారు. హ్యాండిల్ నిలకడగా ఉంది. గుంతల రోడ్డులో ముందు చక్రం తనంతట తాను సర్దుకోవాలంటే మన చేతులు దానికి అడ్డం రాకూడదు. బల్ల మీద బొమ్మ వేసి గంట చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

బండి ఎందుకు వాలాలి అన్నది బోర్డు మీద చెప్పేటప్పుడు కోచ్ కొంచెం తడబడ్డాడు. నేను నోరు మూసుకుని కూర్చోలేకపోయాను, వృత్తి అలాంటిది. "మాస్టారూ, మీరే రండి" అని సుద్దముక్క నా చేతికే ఇచ్చాడు. ఇక్కడా రాసేస్తాను. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. గంటకి 30 కిలోమీటర్ల వేగానికి బండీ మనిషీ కలిపి సుమారు 20 డిగ్రీలు వాలాలి. 36కి 27 డిగ్రీలు. 45కి 38 దాటిపోతుంది. 30 నుంచి 45కి వేగం ఒకటిన్నర రెట్లు అయితే టైరు ఇవ్వాల్సిన పట్టు రెండుంపావు రెట్లు అవుతుంది. ఆ లెక్కలో బరువు కొట్టుకుపోతుంది, కాబట్టి సన్నగా ఉన్నా లావుగా ఉన్నా వాలాల్సిన కోణం ఒకటే. మన శరీరం లోపలికి జరిగితే ఆ కోణంలో కొంత వాటా మనం తీసుకుంటాం, బండి అంత వాలక్కర్లేదు. నా బండి సుమారు 140 కిలోలు, నేను 75. మొత్తంలో మూడో వంతుకి పైగా నేనే. అలాంటప్పుడు భుజం రవ్వంత జరిపినా బండికి తెలుస్తుంది.

తర్వాత గ్రౌండు. పొడవాటి తారు యార్డు అది, కోన్లు పెట్టారు. ముందు తిన్నగా 40లో పోతూ కుడి హ్యాండిల్‌ని అరచేత్తో ముందుకి మెల్లగా నెట్టమన్నారు. బండి కుడికే వాలింది. నా వెనక ఉన్న చోడవరం కుర్రాడు "ఏటి మాస్టారూ, ఈయన ఉల్టా చెప్తున్నాడేటి" అన్నాడు. తనూ అలా చేసి చూసి వచ్చాక "నిజమేనండి బాబూ" అని నవ్వాడు. సైకిల్ తొక్కినప్పటి నుంచీ అందరం చేస్తున్నదే ఇది. తెలిసి చేస్తే ఉపయోగం ఏమిటంటే, మలుపు మధ్యలో అనుకున్నదానికంటే వంపు ఎక్కువని తేలినప్పుడు భయపడి బ్రేకు తొక్కకుండా లోపలి హ్యాండిల్‌ని ఇంకాస్త నెట్టొచ్చు. ఘాట్‌లో బయటికి జారిపోయే బండ్లలో చాలావాటికి టైరు పట్టు ఇంకా మిగిలే ఉంటుంది, నడిపేవాడి ధైర్యమే ముందు అయిపోతుంది.

చూపు గురించి చెప్పింది కూడా అలాంటిదే. బండి మన కళ్లు ఉన్న వైపే పోతుంది. ఎదురుగా లోయ గోడని చూస్తే గోడ వైపే, మలుపు అయిపోయే చోటుని చూస్తే అటే. కోచ్ మలుపు చివర నిలబడి వేళ్లు చూపించి ఎన్నో గట్టిగా చెప్పమనేవాడు. చెప్పలేనివాళ్లు కోన్ల వైపు చూస్తున్నట్టే. చిన్న ఆటే, కానీ రెండు మూడు చుట్లలోనే అందరి తలలూ లేచాయి.

బ్రేకుల పాఠం కూడా బాగుంది. వేగం తగ్గించే పని తిన్నగా ఉన్నప్పుడే ముగించి, గేరు మార్చుకుని, యాక్సిలరేటర్‌ని కొద్దిగా తెరిచి అదే స్థాయిలో మలుపులో ఉంచమంటారు. మధ్యలో టపీమని మూసేస్తే బరువంతా ముందు చక్రం మీదికి పడుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్ల మీద కూడా ధీమా వద్దన్నారు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయినా, నా బండిలాంటి వాటికి అది ముందు చక్రానికే. వెనక డ్రమ్ బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవుతుంది, తడి ఆకుల మీదైతే చెప్పక్కర్లేదు.

ఇక అసంతృప్తి సంగతి. భోజనం తర్వాత దాదాపు రెండు గంటలు మోకాలు నేలకి తగిలించే సెషన్. పక్కలకి ఇనప చేతులు, చిన్న చక్రాలు బిగించిన బండి ఒకటి ఉంది, పడిపోకుండా ఎంతైనా వాలొచ్చు. కుర్రాళ్లంతా దాని చుట్టూ మూగారు. ఫొటోలు, రీళ్లు. తప్పు పట్టను, వాళ్ల డబ్బులు వాళ్లిష్టం. కానీ ఆదివారం తెల్లవారుజామున పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి వైజాగ్ నుంచి వచ్చే బండ్లని నేను ఘాట్‌లో చూస్తుంటాను. మంచులో పది మీటర్ల అవతల ఏముందో కనబడదు, అయినా సీటు మీద నుంచి సగం కిందికి వేలాడుతూ తిప్పుతారు. ట్రాక్‌లో మోకాలు దించేది బండి ఎంత వాలిందో కొలుచుకోవడానికి. రోడ్డు మీద అంత వాల్చాల్సి వచ్చిందంటే వేగం అప్పటికే ఎక్కువైపోయింది. ఈ మాట కోచ్‌కి తెలుసు, అడిగితే ఒప్పుకున్నాడు కూడా. అదే మాట ఆ సెషన్‌కి ముందు మైకులో ఎందుకు చెప్పడు?

నేను అడిగిన ఇంకో ప్రశ్నకి మాత్రం మంచి జవాబు వచ్చింది. మన రోడ్డు మీద ఎడమ పక్కన పోతాం. కుడి మలుపులో లోపలికి వాలితే చక్రాలు మన వైపే ఉంటాయి, తల మాత్రం మధ్య గీత దాటి ఎదుటి బండ్ల దారిలోకి వెళుతుంది. ఎదురుగా వచ్చే బస్సు హెయిర్‌పిన్‌లో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో ఎలాగూ వెడల్పుగా తిరుగుతుంది. మరి భుజం లోపలికి జరపమంటున్నారు కదా అన్నాను. "సార్, ఆ గీత మీద గోడ ఉందనుకోండి. మీ హెల్మెట్ దానికి గీసుకోకూడదు. చక్రాలు ఎక్కడుండాలో దాన్నిబట్టి మీరే తేల్చుకుంటారు" అన్నాడు. అంటే కుడి మలుపులో ఎడమ అంచుకి దగ్గరగా ఉండి, మలుపు అవతలి భాగం కనిపించాకే లోపలికి రావాలి. ఇది పాఠంలోనే ఉండాల్సిన విషయం, నేను అడిగితే గానీ రాలేదు.

వెనక కూర్చునే మనిషి సంగతి అసలు రాలేదు. మా వైపు ఘాట్ ఎక్కే బండ్ల మీద వెనక ఒక మనిషి ఉండటం మామూలు, ఆమె చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుని ఉండటం ఇంకా మామూలు. బరువు ఎడమ వైపు ఉంటుంది, కుడి మలుపులో ఆమె వాలదు, వాలితే పడిపోతానని భయం. ట్యాంకు మీద బియ్యం సంచి ఉంటే మోకాళ్లతో అదమడానికి చోటే ఉండదు. ఇవన్నీ అడిగితే కోచ్ నిజాయితీగా "మా కోర్సులో ఇది లేదు సార్" అన్నాడు. ఒక్క స్టారు పోయింది ఇక్కడే. గ్రౌండు సమతలం కాబట్టి దిగుడు మలుపులు కూడా నేర్పలేరు, బోర్డు మీద కాసేపు చెప్పారంతే. సెకండ్ గేరులో ఇంజన్‌తో ఆపుకుంటూ దిగమనీ, ట్యాంకు మీదికి జారిపోకుండా తొడలతో ఆపుకోమనీ. స్కూటర్లని అసలు తీసుకోరు. మాకు తెలిసిన ఏఎన్ఎం ఒకావిడ ఫోన్ చేస్తే గేర్ బండి ఉంటేనే రమ్మన్నారట. ఏజెన్సీలో స్కూటర్ల మీద తిరిగే ఆడవాళ్లు ఎంతమందో వీళ్లకి తెలిసినట్టు లేదు.

క్లాసు తర్వాత ఘాట్‌లో నా ప్రయాణ సమయం ఏమీ తగ్గలేదు, తగ్గాలని వెళ్లలేదు కూడా. సాయంత్రం ఇంటికి చేరేసరికి మెడ, మణికట్లు పట్టేసేవి, ఇప్పుడు లేదు. చేతుల మీద వేసే బరువు తొడల మీదికి పోయింది కదా. ఘాట్‌లో అమ్మవారి పాదాలు అనే చోట వరుస మలుపుల్లో బ్రేకు ముట్టుకోవాల్సిన అవసరం బాగా తగ్గింది. వానాకాలంలో ఎలా ఉంటుందో అప్పుడు ఇక్కడే కలిపి రాస్తాను.

వెళ్లేవాళ్లకి కొన్ని సంగతులు. గ్రౌండులో నీడ లేదు, ఫిబ్రవరి దాటాక వెళ్లకండి. నీళ్లు వాళ్లు ఇస్తారు గానీ చాలవు. వీడియో మీ ఫోనులోకి ఆ రోజే తీసుకోండి, తర్వాత పంపిస్తామన్నది నాకు ఆలస్యంగా వచ్చింది. మోకాలి సెషన్ వద్దనుకుంటే భోజనానికి ముందే చెప్పండి. అడిగితే ఆ రెండు గంటలూ బ్రేకులు సాధన చేసే లేన్‌లో ఇంకో కోచ్‌ని తోడిచ్చి వదిలేస్తారు. నేనూ చోడవరం కుర్రాడూ అదే చేశాం.