పెళ్లి క్యాసెట్టులో పన్నెండు సెకన్లు

ముందే చెప్పేస్తున్నాను, మా పెళ్లి క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన షాపుకి ఐదులో నాలుగు ఇస్తున్నాను. ఆ తగ్గించిన ఒకటీ ఎందుకో కింద చెప్తాను.

విజయవాడ గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు మీంచి సందులోకి తిరిగాక, మేడ మీద ఉంటుంది. బోర్డు మీద ఇప్పటికీ పాస్‌పోర్ట్ ఫొటోలు, లామినేషన్ అనే రాసుంది. లోపలికి వెళ్తే మూడు వీసీఆర్లు ఒకదాని మీద ఒకటి, పక్కన ఒక కంప్యూటరు. పాత వీడియో క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిస్తారు. స్కూటీ పెట్టుకోడానికి మాత్రం చోటు లేదు, ఆటోలో వెళ్లండి.

నేనిచ్చినవి మూడు. పెళ్లివి రెండు, గృహప్రవేశానిది ఒకటి. క్యాసెట్టుకి 700, బూజు పట్టి ఉంటే శుభ్రం చేసినందుకు మరో 300. ఓనరు నా ఎదురుగానే క్యాసెట్టు మూత ఎత్తి, నల్లటి రీలు అంచున సున్నం చారల్లా ఉన్న బూజు చూపించాడు. "ఇలాగే పెడితే మెషిన్ హెడ్డు పాడవుద్ది, మీ రీలూ నలుగుద్ది మేడం" అన్నాడు. గృహప్రవేశం రీలు అతుక్కుపోయింది, ఇక రాదని మర్నాడే ఫోన్ చేసి, దాని డబ్బులు అడక్కుండానే తిరిగిచ్చేశాడు. ఈ రోజుల్లో అంత మాత్రం ఎవరు చేస్తారు?

ఇంత ఖర్చు పెట్టింది తలంబ్రాలు చూసుకోడానికి కాదు. అవి ఫొటోల్లో ఉన్నాయి. నాకు కావాల్సింది భోజనాల దగ్గర పన్నెండు సెకన్లు.

మా పెళ్లి 1994 మేలో, తెనాలిలో. అప్పటి వీడియోలు ఎలా ఉండేవో తెలుసుగా, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు. మంత్రాలు వినపడవు, మనుషుల మాటలు వినపడవు. అయితే బంతి భోజనాల దగ్గర ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే లోపు, ఎవరి పొరపాటో గానీ అసలు సౌండు అలాగే ఉండిపోయింది. అప్పుడే కెమెరా మా నాన్న ముందు ఆగింది. ఆయన సగం కొరికిన బూరెని పైకెత్తి, కళ్లు అరమూసి, "అదో తుత్తి!" అన్నారు. బంతి బంతంతా ఘొల్లుమంది.

కమెడియన్ ఏవీఎస్ గారి మాట అది. 1993లో బాపు గారి 'మిస్టర్ పెళ్లాం'లో తృప్తి అనాల్సిన చోట ఆయన తుత్తి అన్నారు, అంతే, మా ఇంట్లో తృప్తి అనే మాట చచ్చిపోయింది. కాఫీ బాగుంటే తుత్తి, కరెంటు వస్తే తుత్తి. రెండేళ్లకి 'ఘటోత్కచుడు'లో "రంగు పడుద్ది" వచ్చింది. ఆ 'పడుద్ది' మాకు కామెడీ కాదు, మా వైపు అందరూ అనేదే. మా మాట తెర మీద వినపడితే మేం మురిసిపోయాం. పైగా ఏవీఎస్ గారు, అంటే ఆమంచి వెంకట సుబ్రహ్మణ్యం గారు, తెనాలి మనిషి, సినిమాల్లోకి రాక ముందు జర్నలిస్టు. నాన్నకి ఆయనతో పరిచయం ఏమీ లేదు. అయినా ఏనాడూ పేరు పెట్టి అనలేదు, ఎప్పుడూ 'మనోడు' అనే.

2013 నవంబర్ 8న ఏవీఎస్ గారు పోయారు. లివర్ జబ్బు. కూతురు తన లివర్‌లో కొంత ఇచ్చి బతికించుకుంది, ఆ తర్వాత కొన్నేళ్లే. 56 ఏళ్లు. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "నాకంటే పదహారేళ్లు చిన్నోడే" అన్నారు. టీవీల్లో ఆయన కామెడీ బిట్లు వేస్తూనే ఉన్నారు, నవ్వొస్తుంటే నవ్వొచ్చో లేదో తెలియడం లేదు. నెల తిరక్కుండా, డిసెంబర్ 7న ఇంకో కమెడియన్ ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు కూడా. ఆ రోజు నాన్న ఫోన్ చెయ్యలేదు, నేనే చేశాను.

ఇక ఆ తగ్గించిన ఒకటి. ఐదు రోజులన్నారు, పదకొండు రోజులకి ఇచ్చారు. అది సరే. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మ బాగానే ఉంది, అమ్మ చీర రంగు కూడా తెలుస్తోంది. భోజనాలొచ్చాయి. నాన్న బూరె ఎత్తారు, నోరు కదిలింది. వినపడింది మాత్రం వేణువు! నాకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు తెరవక ముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. షాపులో కుర్రాడు తలుపు తీస్తూ, "అక్కడంతా గోలగా ఉంది ఆంటీ, బాగుంటుందని మ్యూజిక్ వేశాను" అన్నాడు.

కోపం వచ్చింది గానీ ఆ అబ్బాయికి ఇరవై దాటి ఉండవు. ఏవీఎస్ ఎవరని అడిగాడు. ఈలోగా ఓనరు వచ్చి, సంగతి విని, ఒరిజినల్ కాపీ ఇంకా కంప్యూటర్లోనే ఉందని వెతికి తీశాడు. స్పీకరు పెంచాడు. గిన్నెల చప్పుడు, "సాంబార్ ఇటు" అని ఎవరిదో కేక, నాన్న గొంతు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మళ్లీ పెట్టరా" అన్నాడు కుర్రాడితో. నాలుగుసార్లు విన్నాం. కుర్రాడు నాలుగోసారికి తనూ అనడం మొదలుపెట్టాడు. సరిచేసినందుకు పైసా తీసుకోలేదు.

మీరు వెళ్తే మాత్రం మ్యూజిక్ కలపొద్దని రసీదు మీదే రాయించండి. నోటి మాట కుర్రాడి దాకా చేరదు.

ఆదివారం రైల్లో తెనాలి వెళ్లి అన్నయ్య వాళ్ల టీవీకి పెట్టాను. నాన్నకి ఇప్పుడు 84. పెళ్లంతా చూస్తూ పోయినవాళ్లని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. బూరె దగ్గరికి వచ్చేసరికి ముందుకి వంగారు. ఆపమన్నారు. "బాగా రాలేదే. మనోడు అలా అనడు, చివర్లో ఇంకాస్త సాగదీస్తాడు" అని, మూడుసార్లు అని చూపించారు. మూడోది కుదిరింది.

అన్నయ్య తనకీ ఒకటి కావాలన్నాడు. రెండో పెన్‌డ్రైవ్‌కి 450 తీసుకున్నారు.