పాత బుల్లెట్ అదురు తగ్గాలంటే ఏది మేలు: ఫ్లైవీల్ బ్యాలెన్సింగా, స్ప్రాకెట్ మార్పా, హ్యాండిల్ బరువులా?

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ పాత బుల్లెట్ మీద వెళ్లివచ్చేవారికి కాజ టోల్‌గేటు దాటాక ఒకానొక వేగం బాగా గుర్తుంటుంది. ఆ వేగం దగ్గర అద్దంలో వెనక వస్తున్న లారీ ఒకటి కాస్తా మూడై కనిపిస్తుంది, వారధి చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. నా బండి పాత పోత ఇనుప ఇంజను 350; బోరు (సిలిండరు వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ. అరిగిన సిలిండరును తొలిపించి పెద్ద పిస్టన్ వేయించడం, అంటే బోరు, రెండోసారి చేయించిన నాటి నుంచి దాని అదురు భరించరానిదైంది. అప్పుడు విన్న సలహాలు ప్రధానంగా మూడు: పిస్టన్ కదలికను చుట్లుగా మార్చే క్రాంకును విప్పి, దాని బరువైన చక్రాలైన ఫ్లైవీళ్లను బ్యాలెన్సు చేయించడం, గొలుసును తిప్పే ముందు స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మార్చడం, హ్యాండిల్ చివర్లకు బరువులు బిగించడం. బండి అమ్మేసి కొత్తది కొనమన్నవారూ లేకపోలేదు.

ముందుగా అదురు ఎంతటిదో లెక్క చూడాలి. పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్ను, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పైభాగం అన్నీ కలిపి అర కిలో అనుకుంటే, 45 మి.మీ. (స్ట్రోకులో సగం) క్రాంకు మీద నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఆ బరువు ఇంజనును సుమారు 225 కిలోల బలంతో పైకీ కిందికీ లాగుతుంది. 4000 చుట్ల దగ్గర అదే బలం 400 కిలోలకు చేరుతుంది. చుట్లు మూడో వంతు పెరిగితే బలం ముప్పావు వంతుకు పైగా పెరిగిందన్నమాట.

ఫ్లైవీల్‌లో, కనెక్టింగ్ రాడ్డు కింది కొస తగిలే క్రాంకు పిన్నుకు ఎదురుగా ఉండే బరువు ఈ బలాన్ని అణచివేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒంటి సిలిండరు ఇంజనులో అది అణచగలిగేది కొంతే. తక్కిన పని దిశ మార్చడమే. పిస్టన్ వైపు బరువులో 60 శాతానికి సరిపడా ఎదురు బరువు పెడితే నిలువు అదురు 40 శాతానికి దిగుతుంది, కానీ ఆ 60 శాతం ముందుకూ వెనక్కూ తోసే అదురుగా మారుతుంది. నూటికి నూరు పెడితే నిలువు అదురంతా అడ్డం తిరుగుతుంది, అంతే. ఫ్రేము ఏ దిశలో గట్టిగా ఉంటుందో చూసి సాధారణంగా 50కీ 70కీ మధ్య ఒక శాతాన్ని ఎంచుకుంటారు. కాబట్టి బ్యాలెన్సింగ్ చేయిస్తే ‘అదురు అసలే ఉండదు’ అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మనక్కరలేదు.

మరి నా బండిలో జరిగిందేమిటి? కొత్త పిస్టన్ పాతదానికన్నా 40 గ్రాములు ఎక్కువ తూగింది. ఎనిమిది శాతమే కదా అనిపిస్తుంది. ముందు మొత్తం 500 గ్రాములు, ఎదురు బరువు 300 గ్రాములకు సరిపడా ఉందనుకుంటే, నిలువునా మిగిలేది 200 గ్రాముల అదురు. బరువు 540 అయితే మిగిలేది 240. అంటే పిస్టన్ వైపు బరువు ఎనిమిది శాతం పెరిగితే చేతికి తెలిసే నిలువు అదురు 20 శాతం పెరిగింది. బోరు చేసిన వర్క్‌షాపులో పిస్టన్‌ను తూచనే లేదు. సైజు సరిపోయిందా లేదా అన్నదే చూశారు.

ఆటోనగర్‌లో ‘బ్యాలెన్సింగ్’ అన్న మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. చాలాచోట్ల ఆ పేరుతో చేసేది క్రాంకు అలైన్‌మెంట్. లేత్ సెంటర్ల మధ్య క్రాంకును నిలిపి, డయల్ గేజి ముల్లు చూస్తూ, రాగి సుత్తితో ఫ్లైవీల్ అంచును తడుతూ రెండు ఇరుసులనూ ఒకే గీతలోకి తెస్తారు. అది తప్పనిసరే, అది లేకుండా బ్యాలెన్సింగ్‌కు అర్థం లేదు. కానీ అది బరువుల లెక్క కాదు.

అసలు బ్యాలెన్సింగ్‌ను నేను కూర్చుని చూశాను. సమమట్టం చేసిన రెండు ఉక్కు పట్టీల అంచుల మీద క్రాంకు ఇరుసులను ఆనించారు. బంగారు కొట్లో వాడేలాంటి చిన్న త్రాసు మీద కనెక్టింగ్ రాడ్డు పై కొసను అడ్డంగా ఆనించి తూస్తే 150 గ్రాములు వచ్చింది. మొత్తం 540లో 60 శాతమంటే 324. అందువల్ల మిగతా 174 గ్రాములకు నట్లు, వాషర్లు తీగకు గుచ్చి ఆ కొసకు వేలాడదీశారు. మేస్త్రీ వేలితో ఫ్లైవీల్‌ను కాస్త కదిపి వదిలితే, క్రాంకు పిన్ను నెమ్మదిగా కిందికి దిగి ఆగింది. “చూశారా బాబూ, పిన్ను వైపే బరువుంది, అటే తొలవాలి” అన్నాడు. 10 మి.మీ. డ్రిల్లుతో 10 మి.మీ. లోతు రంధ్రం వేస్తే ఉక్కులో సుమారు 6 గ్రాములు పోతుంది. ఒక్కో ఫ్లైవీల్‌కు రెండు చొప్పున, పిన్నుకు ఇరుపక్కలా, పిన్ను ఉన్నంత దూరంలోనే నాలుగు రంధ్రాలు పడేసరికి క్రాంకు ఎక్కడ ఆపితే అక్కడే నిలిచింది. రెండు ఫ్లైవీళ్లకూ సమానంగా తొలవకపోతే పక్కలకు ఊగే కొత్త జబ్బు పట్టుకుంటుంది. పిన్ను రంధ్రానికి మరీ దగ్గరగా తొలిస్తే పిన్ను పట్టు సడలుతుంది.

స్ప్రాకెట్ మార్పుకు ఇంత తతంగం లేదు. ముందు స్ప్రాకెట్ 17 పళ్లకు బదులు 18 పళ్లది వేస్తే, అదే వేగానికి ఇంజను చుట్లు ఐదున్నర శాతం తగ్గుతాయి, అదిరే బలం దాదాపు 11 శాతం తగ్గుతుంది. ఒక్క పూట పని. నష్టమల్లా ఇద్దరెక్కి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించవలసి రావడమే. ఇంజను ఆరోగ్యంగా ఉండి, విప్పే అవసరం లేనివారికి నా ఓటు దీనికే. అదురు కోసమే మంచి ఇంజనును విప్పించడం తెలివైన పని కాదు. బోరుకో బిగ్ ఎండు (రాడ్డు కింది కొస) బేరింగుకో ఎలాగూ విప్పుతున్నప్పుడు మాత్రం బ్యాలెన్సింగ్‌ను వదులుకోకూడదు.

హ్యాండిల్ బరువుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అవి ఇంజనును ముట్టవు. హ్యాండిల్ ఏ వేగం దగ్గర మోగుతుందో ఆ వేగాన్ని మారుస్తాయి. మీరు రోజూ నడిపే వేగంలో ఆ మోత ఉంటే పనికొస్తాయి, లేకపోతే అలంకారం. వీటన్నిటికన్నా ముందు ఇంజనును ఫ్రేముకు బిగించే ఫౌండేషన్ బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కొత్త బండి మాటకొస్తే, 2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజనులో క్రాంకుకు ఎదురు దిశలో, అదే వేగంతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. ఫ్లైవీల్ అడ్డంగా మళ్లించిన బలాన్ని కూడా అది కొట్టేస్తుంది కాబట్టి, అదురు విషయంలో పాత ఇంజను ఏం చేసినా దానికి సాటి రాదు. ఆ షాఫ్ట్‌ను పాత ఇంజనులో ఇరికించే చోటు లేదు.

నా బండి ఇప్పుడు మంగళగిరి దాకా అద్దంలో లారీని లారీగానే చూపిస్తోంది. ఆపైన వేగం పెంచితే మళ్లీ రెండవుతుంది. పిస్టన్ బరువు, రాడ్డు కొస బరువు, వేలాడదీసిన బరువు, ఈ మూడు అంకెలనూ టూల్‌బాక్సు మూత లోపలివైపు పెయింటుతో రాయించాను.