లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై నిలకడగా ఉండాలంటే సెట్టింగులా, డ్రైవరా, కార్డా, కేబులా: ఏది మేలు?

తెర మూలన వైఫై గుర్తు నిండుగా వెలుగుతూనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. వైఫైని ఒకసారి ఆపి మళ్ళీ పెడితే కాసేపు చక్కగా నడుస్తుంది, ఆ తరువాత మళ్ళీ మొదటికే వస్తుంది. లినక్స్ వాడేవారికి ఈ ఇబ్బంది ఎదురైనప్పుడు కనిపించే దారులు ప్రధానంగా నాలుగు: ఉన్న సెట్టింగులను సరిదిద్దడం, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను మార్చడం, ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డునే మార్చడం, లోపలి వైఫైని పక్కన పెట్టి డాంగిల్‌నో (యూఎస్‌బీ పోర్టుకు తగిలించే చిన్న వైఫై పరికరం) కేబుల్‌నో ఆశ్రయించడం. ఏది మేలన్న ప్రశ్నకు నా సమాధానం ముందే చెబుతాను. సెట్టింగులకు ఒక సాయంత్రం కేటాయించండి; అప్పటికీ కుదరకపోతే బయటి డ్రైవర్ల వెంట వారాల తరబడి తిరగకుండా కార్డు మార్చండి; ఒకచోటే ఉండే కంప్యూటరైతే కేబుల్ వేయండి.

ఏ దారి పట్టాలన్నా లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. రెండు టెర్మినళ్ళు (ఆదేశాలు టైపు చేసే కిటికీలు) తెరిచి, ఒకదానిలో ఇంటి రౌటర్ చిరునామాకు, రెండోదానిలో 1.1.1.1 వంటి బయటి చిరునామాకు పింగ్ (జవాబు వస్తుందో లేదో, ఎంతసేపటికి వస్తుందో చూపే ఆదేశం) పెట్టి అలాగే వదిలేయండి. రౌటర్ నుంచి జవాబులు క్రమంగా వస్తూ బయటివి మాత్రమే ఆగిపోతుంటే లోపం మీ కంప్యూటర్‌లో లేదు. నెట్ ఇచ్చేవారికి ఫోన్ చేయడమే పని. రెండు చోట్ల నుంచీ జవాబులు వస్తూ పేజీలు మాత్రమే తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే ఏర్పాటు) సంగతి చూడాలి. రౌటర్ జవాబులే తప్పిపోతుంటే అప్పుడది నిజంగా వైఫై సమస్య. మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో రౌటర్ జవాబులు 3, 4, 3 మిల్లీసెకన్లుగా వస్తూ వస్తూ, ఉన్నట్టుండి 110, 240, 1,300కు ఎగబాకి, ఆపైన పది పన్నెండు సెకన్లపాటు అసలు రాకుండా పోయేవి. ల్యాప్‌టాప్‌ను తెచ్చి రౌటర్ పక్కనే పెట్టినా అదే తీరు.

సిగ్నల్ బలాన్ని కూడా గుర్తులోని గీతలను బట్టి కాకుండా అంకెల్లో చూడాలి. 'ఐడబ్ల్యూ' (iw) అనే ఆదేశంతో లింక్ వివరాలు అడిగితే డీబీఎం లెక్కలో ఒక రుణ సంఖ్య చూపుతుంది. అది సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టే, మైనస్ 67 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 80కి దిగితే ఏ డ్రైవరూ ఏమీ చేయలేదు, రౌటర్‌ను దగ్గరకు జరపాల్సిందే. ఆ తరువాత చూడవలసింది లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్ రాసుకునే చిట్టా. వైఫై తెగిన ప్రతిసారీ అక్కడ ఒక వాక్యం నమోదవుతుంది. అందులో 'బై లోకల్ ఛాయిస్' అన్న మాటలు ఉంటే తెంచుకున్నది మన కంప్యూటరే. ఆ మాటలు లేకుండా రౌటర్ చిరునామాతో 'డీఆథెంటికేటెడ్' అని ఉంటే పంపించివేసింది రౌటర్. ఈ ఒక్క వాక్యాన్ని చదవకుండా మొదలుపెట్టే మరమ్మతు చీకట్లో వెతుకులాటే అవుతుంది.

ఇక మొదటి దారి, సెట్టింగులు. వీటిలో అన్నిటికన్నా ముందు చూడదగినది వైఫై పవర్ సేవింగ్. రౌటర్ దాదాపు ప్రతి 102 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే సంకేతాన్ని పంపుతుంది. పవర్ సేవింగ్‌లో ఉన్న కార్డు మధ్య మధ్య నిద్రపోయి, ఆ బీకన్ వేళకు మేలుకొని, తనకోసం ఏమైనా వచ్చిందేమో చూసుకుంటుంది. అందుకే పనేమీ లేని సమయంలో పింగ్ పెడితే నూరు మిల్లీసెకన్లు దాటిన జవాబులు కనిపిస్తాయి. మంచి కార్డు, మంచి డ్రైవర్ కలిస్తే ఇది హానిలేని ఏర్పాటు. కానీ కొన్ని కార్డులు నిద్రలోకి జారాక సరిగా మేలుకోవు, పైన చెప్పిన పది పన్నెండు సెకన్ల నిశ్శబ్దానికి కారణం చాలాసార్లు అదే. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ అమరికల్లో దీనికోసం ఒక చిన్న ఫైలు ఉంటుంది, అందులో 'వైఫై డాట్ పవర్‌సేవ్' (wifi.powersave) ఎదురుగా 3 అని రాసి ఉంటుంది. 3 అంటే పవర్ సేవింగ్ పనిచేయాలని, 2 అంటే ఆపమని. 3ను 2గా మార్చి నెట్‌వర్క్ మేనేజర్‌ను తిరిగి ప్రారంభిస్తే సరిపోతుంది. బ్యాటరీ కొంచెం ముందుగా తరుగుతుంది, అంతకు మించి నష్టం లేదు. ఇంత చిన్న మార్పు ఇంతమంది ఇబ్బందిని తీర్చగలదని నాకు చాలాకాలం తెలియలేదు, అందుకే దీన్ని ఇంత వివరంగా చెబుతున్నాను.

తరువాతిది బ్యాండ్, అంటే వైఫై నడిచే తరంగాల శ్రేణి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్‌లో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, ఎందుకంటే ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్ళు 1, 6, 11 మూడే. బ్లూటూత్ పనిచేసేదీ అక్కడే. పైగా యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించిన హార్డ్ డిస్క్ కూడా అదే బ్యాండ్‌లో రొద పుట్టిస్తుంది. డిస్క్ తగిలించగానే వైఫై నెమ్మదిస్తుంటే కారణం ఇదే కావచ్చు. కార్డుకు చేతనైతే ఆ నెట్‌వర్క్ అమరికలో బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు పరిమితం చేయడం మంచిది. మన దేశంలో 2018 అక్టోబరులో ఈ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి అనుమతించారు కాబట్టి చోటుకు కొరత లేదు. అయితే లినక్స్ తాను ఏ దేశంలో ఉన్నదో తెలియనప్పుడు '00' అనే ప్రపంచ నియమావళిని పాటిస్తూ కొన్ని ఛానెళ్ళపై తనకు తానే కట్టడి విధించుకుంటుంది. దేశపు సంకేతాన్ని భారత్‌గా నిర్ణయిస్తే ఆ చిక్కు వీడుతుంది. ఒకే పేరుతో రెండు మూడు రౌటర్లున్న ఇంట్లో కంప్యూటర్ వాటి మధ్య ఊగిసలాడుతుంటే, దగ్గరి రౌటర్ బీఎస్ఎస్ఐడీని (ఆ రౌటర్ వైఫైకి ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను) ఆ నెట్‌వర్క్ అమరికలో నమోదు చేయవచ్చు. అప్పుడు మరో గదిలోకి వెళ్ళినా కంప్యూటర్ అదే రౌటర్‌ను పట్టుకొని ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను తిప్పుతూ వాడేవారికి ఇది తగదు.

ఈ పనులన్నిటికీ ఖర్చు లేదు, ఏది నచ్చకపోయినా వెనక్కి తీసుకోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చి, పింగ్‌ను ఒక గంట చూసి, తరువాతి దానికి వెళ్ళండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

రెండో దారి డ్రైవర్. ఇక్కడ రెండు వేర్వేరు పనులను జనం ఒకటిగా చూస్తున్నారు. కెర్నల్‌ను కొత్తదానికి మార్చుకొని అందులోనే ఉన్న డ్రైవర్‌ను వాడడం ఒకటి; ఎవరో బయట ఉంచిన డ్రైవర్ మూలాన్ని (సోర్స్ కోడ్‌ను) తెచ్చి మన కంప్యూటర్‌లో కంపైల్ చేసుకోవడం, అంటే నడిచే రూపంలోకి మార్చుకోవడం, మరొకటి. మొదటిదాన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. రియల్‌టెక్ చిప్‌లనే తీసుకుంటే, 'ఆర్‌టీడబ్ల్యూ88' డ్రైవర్ 2019లో వచ్చిన 5.2 కెర్నల్‌తోనూ, వైఫై 6 చిప్‌ల కోసం 'ఆర్‌టీడబ్ల్యూ89' 2022 జనవరిలో వచ్చిన 5.16తోనూ కెర్నల్‌లో భాగమయ్యాయి, అప్పటి నుంచి ఒక్కో విడుదలలో మెరుగవుతూ వస్తున్నాయి. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండే కూర్పు) వాడేవారు హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్‌కు, డెబియన్ వాడేవారు బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్‌కు (రెండూ పాత కూర్పుకు అందించే కొత్త కెర్నళ్ళే) మారి, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీని కూడా కొత్తది చేసుకుంటే, ఇంతకాలం మొండికేసిన కార్డు దారికి రావచ్చు.

బయటి డ్రైవర్ విషయంలో నా అభిప్రాయం వేరు. దాన్ని డీకేఎంఎస్ అనే సాధనం ద్వారా పెట్టుకుంటే కెర్నల్ మారినప్పుడల్లా తానే మళ్ళీ కంపైల్ అవుతుందని భరోసా ఇస్తారు. అది నిజమే, కానీ కొత్త కెర్నల్ హెడర్లు (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్ళు) కంప్యూటర్‌లో ఉండాలి, ఆ డ్రైవర్ మూలం కొత్త కెర్నల్‌కు సరిపడాలి, సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) ఉంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌కు మనం నమోదు చేసిన డిజిటల్ కీతో సంతకం కూడా జరగాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వైఫై ఉండదు. దాన్ని బాగుచేయడానికి కావలసినవి దించుకోవాలంటే నెట్ కావాలి. నాకు ఇది అనుభవమే. ఒక రాత్రి అప్‌డేట్ నడిచింది, మరునాడు ఉదయం తొమ్మిదిన్నరకు అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే వేళకు కంప్యూటర్‌లో వైఫై అన్న మాటే లేకుండా పోయింది. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ పెట్టి (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు అందించి), హెడర్లు దించి, మళ్ళీ కంపైల్ చేసి ఇచ్చేసరికి మొదటి పాఠం అయిపోయింది. చిప్‌కు కెర్నల్‌లో డ్రైవర్ ఏదీ లేనప్పుడు, కార్డు మార్చడానికీ వీలు లేనప్పుడు మాత్రమే ఈ దారిని ఎంచుకోవాలి.

ఆ ఉదయం తరువాతే నేను మూడో దారికి వచ్చాను. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు ఎం.2 స్లాట్‌లో ఒకే ఒక్క స్క్రూతో నిలిచి ఉంటుంది. వెనుక మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీసి, కార్డు మీది రెండు సన్నని యాంటెన్నా తీగలను విడిపించాలి. ఆ తీగల కొనలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. గోటితో పక్కకు లాగితే విరుగుతాయి, ప్లాస్టిక్ పరికరంతో నిట్టనిలువుగా పైకి ఎత్తాలి. కొత్త కార్డు మీద వాటిని పెట్టేటప్పుడు సరిగ్గా మధ్యకు తెచ్చి వేలితో నొక్కితే చిన్నగా టక్కుమని కూర్చుంటాయి. ఆ చప్పుడు రాకుండా మూత పెట్టేస్తే సిగ్నల్ మైనస్ 75 దగ్గరే ఆగిపోతుంది, నేను మొదటిసారి చేసిన పొరపాటు అదే. రెండోసారి తెరిచి నొక్కాక మైనస్ 46 చూపింది.

ఏ కార్డు కొనాలన్న దానికి నా సమాధానం ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210. మొదటిదానికి 5.1, రెండోదానికి 5.10 కెర్నల్ నుంచి 'ఐడబ్ల్యూఎల్‌వైఫై' డ్రైవర్‌లో మద్దతు ఉంది, బయటి నుంచి కంపైల్ చేయవలసింది ఏమీ ఉండదు. పేర్లు దాదాపు ఒకేలా ఉన్నా ఏఎక్స్201, ఏఎక్స్211లను ఈ పనికి కొనకూడదు. అవి సీఎన్‌వీఐ పద్ధతిలో పనిచేసేవి, వైఫై పనిలో కొంత భాగాన్ని ఇంటెల్ చిప్‌సెట్‌కే అప్పగిస్తాయి కాబట్టి ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో అసలు పనిచేయవు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే సాఫ్ట్‌వేర్) తన జాబితాలో లేని కార్డును పెడితే బూట్ కావడానికే ఒప్పుకోదు, కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. కార్డు కొనకముందే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడడం తప్పనిసరి, వారంటీ మిగిలి ఉంటే ఆ షరతులు కూడా.

కార్డు మార్చలేని వారికి యూఎస్‌బీ డాంగిల్ మిగులుతుంది. పెట్టె మీది కంపెనీ పేరు చూసి కాకుండా లోపలి చిప్ పేరు తెలుసుకొని కొనాలి, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో అమ్మే డాంగిల్‌లో కూర్పు సంఖ్య మారినప్పుడు చిప్ కూడా మారిపోతుంటుంది. మీడియాటెక్ ఎంటీ7612యూకు 4.19 కెర్నల్ నుంచి, ఎంటీ7921ఏయూకు 5.18 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. కొన్ని డాంగిళ్ళు తగిలించగానే విండోస్ డ్రైవర్ ఉన్న సీడీలా కనిపిస్తాయి, వాటిని ఎజెక్ట్ చేస్తేనే వైఫై పరికరంగా బయటపడతాయి. అప్పటికప్పుడు గడవాలంటే ఫోన్‌కు మించిన డాంగిల్ లేదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉండగా యూఎస్‌బీ టెథరింగ్ పెడితే మొబైల్ డేటా ఖర్చు కాకుండానే అదే నెట్ కంప్యూటర్‌కు అందుతుంది.

కేబుల్ గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే దానితో చిక్కులే తక్కువ. క్యాట్5ఈ తీగ నూరు మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, పొరుగింటి రౌటర్‌తో దానికి పనే లేదు. పోర్టు లేని పలుచని ల్యాప్‌టాప్‌కు ఆర్‌టీఎల్8153 చిప్ ఉన్న యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ చాలు, దాని డ్రైవర్ కూడా కెర్నల్‌లోనే ఉంది. రాత్రి తొమ్మిదికి అమెరికా బృందంతో రోజూ కాల్‌లో కూర్చోవలసిన వారు గోడ వెంట ఒక తీగ లాగించుకుంటే ఆ కాల్ మధ్యలో తెగదు. గది గదికీ ల్యాప్‌టాప్ పట్టుకొని తిరిగేవారికి మాత్రం ఇది కుదరదు.

మా ఇంట్లో చివరికి డెస్క్‌టాప్‌కు కేబుల్ వేశాము, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కార్డు మార్చాము, బయటి డ్రైవర్‌ను డీకేఎంఎస్ నుంచి పూర్తిగా తీసేశాము. ఆ తరువాత ఎన్నో కెర్నల్ అప్‌డేట్లు వచ్చాయి. పడకగది నుంచి రౌటర్‌కు పింగ్ పెడితే ఇప్పటికీ 3, 4 మిల్లీసెకన్లే చూపుతోంది.